మా బాపు పాన్‌దాన్‌కు ఒక్క నక్షత్రం

నాకు కోపం తొందరగా వస్తుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, మానుకోటలో మా వీధిలో సగం మందికి తెలుసు. అందుకే కంప్యూటర్ తెర మీద మా బాపు చేసిన పాన్‌దాన్ కింద ఒకే ఒక్క నక్షత్రం, అదీ ఎర్రగా కనబడగానే, మా ఆయన లేచి బయటికి పోయి టీ చెప్పాడు.

మా పుట్టిల్లు జనగామ పక్కన పెంబర్తి. ఇత్తడి రేకును సుత్తెతో కొట్టి పువ్వులు, తీగలు, నెమళ్లు లేపే పని మావాళ్లది. బాపు తమలపాకుల పెట్టెలు చేస్తాడు. పాన్‌దాన్ అంటే పైన చెక్కిన పనితనమే చూస్తారు అందరూ. ఆయన మాత్రం మూత చూస్తాడు. మూత సరిగా కూర్చోకపోతే పెట్టె మొత్తం మళ్లీ మొదలుపెట్టే మనిషి. కూతురిని కాబట్టి పొగుడుతున్నానని అనుకుంటారేమో, అనుకోండి. నాకేం పోదు.

అవి తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీదికి వచ్చిన రోజులు. జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ అప్పుడు ఒకే జిల్లా. బాపు పని మాత్రం అప్పటికే పడిపోయింది. సిటీ నుంచి వచ్చే బేరగాళ్లు అడిగే ధరకు రేకు ఖర్చు కూడా రాదు. భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు కింద పని చేసే మా తమ్ముడు, అక్కడే ఒక గోదాముకు వాచ్‌మన్‌గా బాపును పెట్టిస్తానన్నాడు. కుర్చీలో కూర్చుంటే చాలు, నెల కాగానే జీతం. వాడు చెప్పింది వాడి ప్రేమ కొద్దీ చెప్పాడు. కానీ బాపు ఆ చేతులు ఇనుప సామాను దగ్గర ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మా ఆయనకు మానుకోటలో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. వస్తువు ఫొటో పెడితే దేశంలో ఎక్కడివాళ్లయినా వేలం పాడుకునే సైటు ఒకటుందని ఆయనే చూపించాడు. జనగామ యార్డులో పత్తి వేలం చూసి పెరిగిన బాపుకు ఇది ఎంతకీ అర్థం కాలేదు.

"పాట అంటున్నవు, ఒక్కని గొంతు గూడ వినవడదేంది బిడ్డా?"

"చేతులతోనే పాడుతరు బాపు. అంకెలు కొడతరు."

మొదటి పెట్టెను పూణే ఆయనెవరో బేరగాడిచ్చే ధరకు మూడింతలు పెట్టి కొన్నాడు. బాపు మూలకు పెట్టిన సుత్తె తీశాడు. తమ్ముడికి మాత్రం మాట ఇచ్చాడు: "గీ వానకాలం పోయేదాంక చూస్త. నడిస్తే ఈడనే ఉంట. నడువకపోతే నీ ఎంబడి భూపాలపల్లికొస్త."

ఆ సైటులో పాట నడిచేటప్పుడు మనిషికి పేరు, ఊరు, ముఖం ఏమీ ఉండవు. నక్షత్రాలే మన పరువు. కొన్నవాళ్లు ఐదింటికి ఎన్ని ఇస్తారో, కింద ఏం మాట రాస్తారో చూసి తరువాతి వాళ్లు కొంటారు. అమ్మేవాళ్లం మేము కూడా కొన్నవాళ్లకు నక్షత్రాలు ఇవ్వవచ్చు, కానీ ఐదే ఇవ్వాలి, లేదా ఊరుకోవాలి. ఒకప్పుడు అమ్మేవాళ్లు "నాకు తక్కువిస్తే నీకూ తక్కువిస్తా" అని కొనేవాళ్లను బెదిరించారట, అందుకని సైటువాళ్లు మా అందరి నోరూ కుట్టేశారు. అందులో న్యాయం లేదని అనను. కొనేవాళ్ల భయం పోయింది. మా భయం గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

నాకో అలవాటు ఉండేది. పైసలు పడగానే కొన్నవాళ్లకు ఐదు నక్షత్రాలు ఇచ్చేసేదాన్ని. అంగట్లో బోణీ చేసినవాడిని నీ చెయ్యి మంచిదని అంటాం కదా, అట్లా. ఆ ఎర్ర నక్షత్రం ఇచ్చిన పెద్దమనిషికి కూడా ముందే ఇచ్చేశాను.

ఆయనది కోస్తా వైపు ఒక పట్నం. వాళ్ల బావగారి షష్టిపూర్తికి బహుమతిగా పాన్‌దాన్ పాడుకున్నాడు. పార్సిల్ పంపిన మర్నాడే బందు. ఆ వెంటనే రైల్ రోకో. తరువాత బస్సులు కూడా ఆగిపోయాయి. పార్సిల్ ఎక్కడో ఇరుక్కుని, షష్టిపూర్తి అయిపోయి విస్తళ్లు ఎత్తేశాక చేరింది. ఆయన రాసిన మాట ఇది: "చెప్పిన రోజుకు రాలేదు. వీళ్లకు ఎప్పుడూ బందులే. తెలంగాణ వాళ్ల దగ్గర కొనకండి."

టీ తాగి, కోపం మింగి, పార్సిల్ చిరునామాలో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను.

"అందరూ ఏదో ఒకటి తెచ్చారండీ. నేనొక్కణ్ణే ఉత్త చేతుల్తో నిలబడ్డాను," అన్నాడాయన. ఆ మాటకు నా మనసు కరిగింది. నిజమే కదా, తప్పు ఎవరిదైనా తలవంపు ఆయనకే. "మాఫ్ చెయ్యండి సార్," అన్నాను. ఆయన అంతటితో ఊరుకుంటే బాగుండేది.

"సరే, సగం డబ్బు వెనక్కి పంపండి. ఐదు నక్షత్రాలు ఇచ్చేస్తాను."

అరికాలి మంట నెత్తికెక్కింది. "నక్షత్రాలేమన్న వంకాయలా సార్, బేరమాడుతున్నరు? సగం పైసలు వాపసిస్తే, నిన్న చెడ్డదైన పెట్టె ఇయ్యాల మంచిదైతదా?"

"అబ్బో, అచ్చం సినిమాల్లో లాగే మాట్లాడుతున్నారే!" అని నవ్వాడు.

మా మాటను సినిమాల్లో ఎవరి నోట పెడతారో, ఎందుకు పెడతారో తెలియని వయసు కాదు నాది. ఫోన్ పెట్టేశాను. ఆయన మీద నాలుగు మాటలు రాద్దామని పేజీ తెరిస్తే, ఆయన ఖాతా పక్కన నేనిచ్చిన ఐదు నక్షత్రాలు ధగధగా మెరుస్తున్నాయి. అమ్మేవాళ్లకు వెనక్కి తీసుకునే దారి లేదు. ఉక్రోషంతో ఏడుపు వచ్చింది.

బాపుకు చెప్పక తప్పలేదు. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే. "మూత గురించి ఏమన్నడు?"

"ఏమనలే బాపు."

"మంచిగున్నదనలే, మంచిగలేదనలే?"

"పెట్టె గురించే ఏం రాయలే."

నక్షత్రం కన్నా అదే ఆయన ప్రాణానికి ఎక్కువ తగిలిందని నాకు తెలిసిపోయింది.

సంగతి చుట్టాలందరికీ పాకింది. మేమంటే మేము నక్షత్రాలిస్తామని బయల్దేరారు. కొననివాళ్ల పొగడ్త నాకొద్దని గట్టిగా చెప్పాను. పౌరుషానికి పోయి నిజంగానే కొన్నారు. నెల్లికుదురులో ఉండే మా మేనత్త, మరిపెడలో పంతులుగా చేసే మా బావ, కొత్తగూడ దవాఖానలో నర్సుగా ఉన్న మా చెల్లె, తలా ఒక కుంకుమ భరిణె పాడుకున్నారు. అవతలున్నది ఎవరో తెలియక అత్త, బావ ఒకే భరిణె కోసం పోటీపడి ధర పెంచుకున్నారు కూడా. ఇక మా బాపు పేరు నిలబడుతుందని నేను రోజూ తెర ముందే కూర్చున్నాను.

బావ మూడు నక్షత్రాలు ఇచ్చాడు: "నడుస్తది." చెల్లె మూడు ఇచ్చింది: "మంచిగనే ఉన్నది." అత్త కొడుకుతో కొట్టించింది, అదీ మూడే: "పర్వాలేదు."

మర్నాడు సైటువాళ్ల హెచ్చరిక వచ్చింది. మీ నక్షత్రాలు బాగా తగ్గాయి, ఈ నెలలో పెరగకపోతే మీ ఖాతా మూసేస్తాం. పరాయివాడు ఒక దెబ్బ కొడితే, మావాళ్లు ప్రేమగా మూడు కొట్టారు! పట్టరాని కోపంతో నెల్లికుదురు బస్సెక్కాను.

"అత్తా, నిజం చెప్పు. భరిణె మంచిగలేదా?"

"అవ్వో, గదేం మాట బిడ్డా! గసొంటి భరిణె నా జన్మల సూడలే. పొద్దుగాల లేవంగనే దాని మొఖమే సూస్తున్న."

"మరి మూడే ఇచ్చినవేందే?"

అత్త నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఐదుకైదు ఇస్తరా ఎవలన్న? నా తమ్ముని చేతికి దిష్టి తాకదా? నా నోటితోనే వాన్ని పాడు జేసుకోవాల్నా?"

నేను గడప మీద కూలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. మా దిక్కు పసిపిల్లను చూసి కూడా ఎంత ముద్దుగుందో అని ఎవరూ పైకి అనరు. పర్వాలేదు అంటే గుండె నిండినట్టు. మంచిగనే ఉన్నది అంటే అంతకు మించింది లేదని. ఎక్కడో కూర్చుని ఆ సైటు చేసినవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్తారు?

"అత్తా, వాళ్ల లెక్కల ఐదంటేనే పాసు. మూడంటే ఫెయిలు."

"గదేం లెక్కనే! మంచిగున్నదానికీ ఐదే, మస్తున్నదానికీ ఐదే అయితే, రెండిటికి తేడా ఎట్ల తెలుస్తది?"

ఇవాళ ఎవరెవరికో నక్షత్రాలు ఇచ్చేటప్పుడు కూడా నాకు ఈ ప్రశ్నే గుర్తొస్తుంది.

ఆ సైటులో కొన్నవాళ్లు మాత్రం తామిచ్చిన నక్షత్రాలను ఒక్కసారి మార్చుకోవచ్చు. మార్చమని అడగడం నాకు సిగ్గుగానే అనిపించింది. ఆ పెద్దమనిషి పైసలకు మారుస్తానంటే తిట్టినదాన్ని నేనే కదా. కానీ వీళ్లు నా కోసం మనసు మార్చుకోవడం లేదు, మనసులో ఉన్నదాన్ని ఆ సైటు భాషలో చెప్తున్నారు, అంతే. అత్త ఒక షరతు పెట్టింది. ఐదు ఇస్తుంది కానీ దిష్టిచుక్కలాగా ఒక వంక కూడా రాస్తుంది. అట్లా మా ముగ్గురు చుట్టాల మాటలూ ఐదు నక్షత్రాల కింద చేరాయి. "కాకపోతే బరువెక్కువ." "డబ్బాకు గడ్డి అంటుకొచ్చింది." "ఇంక జర పెద్దగుంటే బాగుండు." ఖాతా బతికింది.

ఎర్ర నక్షత్రం మాత్రం అన్నిటికన్నా ముందు కనబడుతూనే ఉంది. బేరాలు తగ్గాయి. వానలు వెనకపట్టు పట్టాక తమ్ముడు భూపాలపల్లి నుంచి పెంబర్తికి వచ్చాడు. నేనూ వెళ్లాను.

"అక్కా, గా ఎర్రది ఉన్నంతసేపు ఎవడు కొంటడే? బాపును నాతోని తోలియ్యి. సాయంత్రం బస్సుకు పోతం."

ఇచ్చిన మాట ప్రకారం బాపు బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. అమ్మ జొన్నరొట్టెలు మూట కట్టింది. అప్పుడు నా ఫోన్ మోగింది. ఆ పెద్దమనిషే.

"ఏమండీ, అట్లాంటిదే ఇంకొకటి కావాలండీ. మా అక్కయ్య, బావగారు ఆ పాన్‌దాన్ నాదంటే నాదని రోజూ తగువే." గొంతు తగ్గించి అన్నాడు: "ఆ రోజు ఒళ్లు మండి రాసేశానండీ. సినిమా అనీ ఏదో అన్నాను. తప్పే. ఆ రాసింది తీసేస్తాను. డబ్బేమీ వద్దు."

నా ప్రాణం లేచొచ్చింది. తీసేయండి సార్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బాపు చెయ్యి చాపాడు. ఫోన్ ఇచ్చాను.

"సారూ, పెట్టె చేసినోన్ని నేనే. మూత ఎట్లున్నది?"

అవతలి మాట నాకూ వినబడుతోంది. "మూతాండీ? వచ్చినవాళ్లందరికీ అదే చూపిస్తారండీ మా బావగారు. పెట్టి వదిలేస్తే, దానంతటదే నెమ్మదిగా దిగి కూర్చుంటుంది."

బాపు కళ్లు మూసుకున్నాడు. "గది రాయి సారు. ఐదియ్యి, రెండియ్యి, నీ ఇష్టం. కొత్తది చేసి పంపుత."

"రాస్తానండీ. ఆ పాతది తీసేసి..."

"వద్దు. గది తియ్యకు."

నేనూ తమ్ముడూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఆలిశమైన మాట నిజమే గద సారు. బంద్ చేసిన మాట నిజమే. జనగామ టేషన్ల రైలు ఆపినోళ్లల్ల నేను గూడ ఉన్న. నా పెట్టె గా దారినే పోవాల్నని ఎరికుండే పట్టాల మీద కూసున్న. మా రాష్ట్రం మాకు కావాల్నని కూసున్న. మళ్ల పిలిస్తే మళ్ల కూసుంట. నీకు మాటొచ్చింది, గా తప్పు నాదే, మాఫ్ చెయ్యి. గని నువ్వు గది చెరిపితే, నేను కూసున్నది గూడ చెరిపినట్టయితది."

ఆయన పట్టాల మీద కూర్చున్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇన్ని రోజులూ ఆ ఎర్ర నక్షత్రాన్ని చూసి నేను సిగ్గుపడుతూ ఉంటే, ఆయన దాన్ని తన లెక్కలో వేసుకుని మోస్తున్నాడు. మా బాపును చూసి నాకు అంత గర్వం ఎన్నడూ కలగలేదు. మా రాష్ట్రం వచ్చిన రోజున కూడా ముందు గుర్తొచ్చింది ఆ ఫోన్ పట్టుకుని నిలబడ్డ మనిషే.

బాపు ఫోన్ నా చేతికిచ్చి, రేకు కత్తిరించడానికి లోపలికి పోయాడు. తమ్ముడు సంచిలోంచి బాపు బట్టలు తీసి దండెం మీద వేశాడు. సాయంత్రం బస్సుకు వాడొక్కడే పోయాడు.