ఓడ కదిలాక సంతకం

డెబ్బైల చివర్లో విశాఖపట్నం రేవు దగ్గర ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో నేను డిస్పాచ్ గుమాస్తాని. కాగితాలు పంపడం నా ఉద్యోగం, పంపకుండా ఉంచుకోవడం నా స్వభావం. రెండూ ఒకే కుర్చీలో సర్దుకుని కూర్చునేవి.

కొంపలు మునిగే వేళలకి మా ఆఫీసులో ఇంగ్లీషు పేర్లు చాలా ఉండేవి. అర్జెంట్, మోస్ట్ అర్జెంట్, ఇమ్మీడియట్ అని మూడు రకాల ఎర్రచీటీలు. కొన్నాళ్ళకి ప్రతి కాగితానికీ ఏదో ఒక చీటీ అంటుకుంది. చీటీ లేనిది నాకొక్కడికే. ఇవి చాలవన్నట్టు గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా హెడ్ క్లర్కు గారు ఇంకొన్ని చేర్చారు. ఓడ రేవులోకి వస్తే "క్రూషియల్ స్టేజండీ" అనేవారు. కస్టమ్స్ కాగితం రాకపోతే "ఎలెవెన్త్ అవరండీ." అన్నిటికంటే ఆయనకి ఇష్టమైన మాట "సైకలాజికల్ మూమెంట్". అంటే, మేనేజరుని ఏదైనా అడగడానికి తగిన ఘడియ. అదెప్పుడో అందరికీ తెలుసు: ఓడ రేవు దాటిన అరగంటకి. ఓడ కట్టి ఉన్నన్నాళ్ళూ మేనేజరు మొహం కూడా కట్టేసినట్టే ఉండేది. సెలవైనా బదిలీ అయినా ఓడ కదిలాకే అడగాలి.

మా మేనమామ కొడుకు పద్మనాభం అనే ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చి మా ఆఫీసు తరఫున రేవులో బస్తాలు లెక్కపెట్టి టాలీ రాసేవాడు. ఓడ ఉంటే పని, లేకపోతే లేదు. ఆ వానాకాలం మద్రాసు హెడ్డాఫీసు అలాంటివాళ్ళలో ఒకరిని పర్మనెంట్ చేస్తామంది. వయసు ఇరవై అయిదు దాటకూడదు. వాడికి ఆ నెలాఖరుకి దాటిపోతుంది. మేనేజరు సంతకంతో దరఖాస్తు పై వారం శనివారానికల్లా మద్రాసులో ఉండాలి.

"నీ సేతిలో పెడతన్నాను బావా. ఏటి సేత్తావో మరి," అన్నాడు దరఖాస్తు ఇస్తూ.

"పన్నెండు రోజులుంది. నిమ్మళంగా ఉండు బావా."

చీటీల గుట్టలో పెడితే ఎవరూ చూడరని, దానికి చీటీ అంటించకుండా నా సొరుగులో విడిగా దాచాను. అసలైన అర్జెంటు అదే కదా. ఇక ఓడ కదలడమే తరువాయి.

ఓడ కదల్లేదు. అది ఎరువుల ఓడ. చినుకు పడితే బస్తాలు తడుస్తాయని మూతలు వేసేస్తారు. ఎండొస్తే తీస్తారు. తీయగానే మళ్ళీ చినుకు. నేను ఆకాశం చూసి టీకి వెళ్ళేవాణ్ణి, టీ తాగొచ్చి ఆకాశం చూసేవాణ్ణి. మేనేజరు గది దాకా ఎన్నిసార్లు వెళ్ళానో. లోపల ఫోన్లో కేకలు వినపడగానే తలుపు మీది దుమ్ము తుడిచినట్టు నటించి తిరిగొచ్చేవాణ్ణి. వాయిదాలో ఫాయిదా ఉందని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

శుక్రవారం మధ్యాహ్నానికీ ఓడ అక్కడే ఉంది. కాగితం పట్టుకుని లోపలికి తోసుకుపోయాను. మేనేజరు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని సంతకం గీకేశారు.

"ఇన్నాళ్ళూ తలుపు దగ్గర తచ్చాడింది దీనికేనా?" అన్నారు.

అప్పటికే ఆ రోజు తపాలా కట్టేశారు. బావని సైకిలు వెనక ఎక్కించుకుని వాల్తేరు స్టేషన్‌కి తొక్కాను. వేళ దాటినా, లేట్ ఫీ స్టాంపు అదనంగా అంటిస్తే రైలు తపాలాలో ఉత్తరం తీసుకునేవారు. ఆలస్యానికి కూడా స్టాంపు పెట్టారంటే, నాలాంటివాళ్ళు దేశంలో బాగానే ఉన్నారన్నమాట. కవరు వేశాం. రైలు కదిలింది.

"రేపటికి సేరిపోతాది కదా బావా?"

"సేరిపోతాది," అన్నాను. మద్రాసు చేరినా హెడ్డాఫీసు బల్ల మీదికి సోమవారం గాని వెళ్ళదని డిస్పాచ్ గుమాస్తాకి తెలియదా?

రెండు వారాలకి జవాబొచ్చింది. గడువు దాటాక అందిందట. వాడికి చదివి వినిపించి, ఇక ఆగలేక అనేశాను.

"తప్పు నాది బావా. పదకొండు రోజులు నా సొరుగులోనే ఉంచేశాను."

"తెలుసు. టాలీ షీట్ల కోసం రోజూ తీత్తాను కదా. అక్కడే ఉండీది."

"మరి అడగలేదేటి?"

"అన్నిటికీ ఎర్రసీటీలుండి దీనికి లేకపోతే, ఇది వేరే దారిలో ఎల్తాది కావాల, బావ సూసుకుంతన్నాడు అనుకున్నాను. అడిగితే నమ్మనట్టుంటాది కదా." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అమ్మతో తపాలా లేటయిందని సెప్తాను. నువ్వేటీ అనకు."

ఆదివారం పద్మనాభం వెళ్ళాను, ఎలాగైనా చెప్పేయాలని. అత్త చేపల పులుసు వడ్డిస్తూ మొదలెట్టింది.

"నా కొడుకు కాయితం ఎక్కడ దాసీసినారో, ఆళ్ళ సేతులు పడిపోను!"

నేను నోరు తెరిచాను. ఎదురుగా కూర్చున్న బావ తలెత్తి చూశాడు.

"సల్లారిపోతాది, కలుపుకో బావా," అన్నాడు.

కలుపుకున్నాను.