చంపినా చావని నిద్ర

మా ఓనరమ్మ వాకిట్లో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ, మేడమీద నేను ఫోన్లో మాట్లాడేదంతా వింటుంది. ఆ రోజు కాస్త గట్టిగానే అన్నాను: "నాలుగుసార్లు చంపానండి. చావట్లేదు. నిద్రలో ఉంది."

"ఎవర్నయ్యా?" అని కింద నుంచి కేక.

ప్రోగ్రామునమ్మా, అంటూ కిందికి దిగాను. అది దేనికోసమో ఎదురుచూస్తూ నిద్రపోతుంది. ఆ వచ్చేదేదో వచ్చేదాకా చంపినా చావదు. మెమరీ నిండినప్పుడల్లా మా సర్వరు అలా బిగుసుకుపోతోంది. సాయంత్రంలోగా కారణం చూపకపోతే, రెండు నెలలు కూర్చుని రాసిన నా కోడు తీసేస్తామన్నారు ఆఫీసువాళ్ళు. కోడు పోతే ఆఫీసు నుంచి వచ్చే ఫోన్లూ పోతాయి. నా గదిలోకి వచ్చే మనిషి గొంతులు అవే.

కారణం కరెంటన్నాను, ఎండలన్నాను. ఎవరూ నమ్మలేదు. వాళ్ళనేం అనను. కిందటి నెల మీటింగు ఎగ్గొట్టి, మిరపఘాటుకి లాప్‌టాప్ తుమ్మీ తుమ్మీ ఆగిపోయిందని చెప్పినవాణ్ణి.

"ఇంతకీ దేనికోసం చూస్తోందయ్యా?"

"కోల్డ్ స్టోరేజీ నిండిందనుకోండమ్మా. పాత బస్తాలు బయటికి పోతేగానీ కొత్తవి పట్టవు. పాతవి తియ్యాలంటే గుమాస్తా దగ్గరున్న తాళంచెవి కావాలి. ఆ గుమాస్తా ఏమో..."

"తాళంచెవి జేబులో పెట్టుకుని, తన బస్తాలు దించుకోడానికి క్యూలో నిలబడ్డాడా? ఎవడయ్యా ఆ సన్నాసి?"

పైకెళ్ళి, ప్రోగ్రాము ఎక్కడ నిద్రపోయిందో చూపించే లాగ్ మళ్ళీ చదివాను. సన్నాసిని నేనే. ఫైళ్ళ తాళం పట్టుకుని మెమరీ అడిగిన లైను నేను రాసిందే. పాత ఫైళ్ళు తీసి మెమరీ ఖాళీ చేసే లైనుకి కావలసిందీ ఆ తాళమే. అది నా చేతిలో ఉన్నంతసేపూ ఫైళ్ళ జోలికి పోకుండా ఇంకెక్కడైనా ఖాళీ చెయ్యమని ఒక్క మాట చేర్చాను.

ఆఫీసుకి ఫోన్ చేసి, తప్పు నాదేనండి అన్నాను.

అటునుంచి అడిగారు: "ఇదీ కథేనా?"

"కాదండి. లాగ్ పంపాను, చూసుకోండి."

సాయంత్రం దాకా సర్వరు ఆగలేదు. కోడు ఉంచుతున్నామని ఒక్క ముక్క మెసేజీ వచ్చింది. ఆ తర్వాత ఫోన్ మోగలేదు. కిందికి దిగి ఓనరమ్మ ఎదురుగా కూర్చున్నాను.

"రేపు ఫోన్ చేస్తార్లే."

"చెయ్యరమ్మా. ఏదన్నా ఆగితేనే చేస్తారు."

ఆవిడ తన మిరపకాయల కుప్పలో సగం నా ముందుకి తోసింది.

"అయితే ఇంకోటేదన్నా ఆపెయ్యి."