బురైమిలో ఆమ్రా తాతల తగువు

మస్కట్ నుంచి ఒమన్ సరిహద్దు ఊరు బురైమికి కారులో వెళ్లాలనుకునేవాళ్లు నన్ను దారి అడుగుతుంటారు. నేను తొంభైల మొదట్లో వెళ్లాను, అదీ ఊరు చూడటానికి కాదు. మస్కట్ రూవిలో మా పై అంతస్తులో యుగోస్లావియా దంపతులు ఉండేవారు. మిలాన్ సెర్బు జాతివాడు, మావారి కంపెనీలో ఇంజినీరు. ఆమ్రా బోస్నియా ముస్లిం. పన్నెండేళ్ల కాపురం. అప్పటికే వాళ్ల దేశం ముక్కలైంది. సారాయెవోలో ఆమ్రా తల్లి ఉండే వీధి మీద సెర్బుల ఫిరంగిగుండ్లు పడుతున్నాయి. బురైమిని ఆనుకునే ఉన్న ఎమిరేట్స్ ఊరు అల్ ఐన్‌లో పనిచేసే ఆమ్రా తమ్ముడు, మొగుణ్ణి వదిలి వచ్చెయ్యమని రోజూ ఫోన్లు చేస్తున్నాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే మెత్తబడతాడని మిలాన్ ఆశ. మధ్యలో పరాయి మనిషి ఉంటే గొంతులు లేవవని ఆమ్రా నన్ను రమ్మంది. మావారికి డ్యూటీ, నేనొక్కదాన్నే బయల్దేరాను.

ఉదయం ఆరింటికి కదిలాం. సొహార్ దాకా బాతినా తీరం వెంట రోడ్డు నున్నగా ఉంటుంది. అక్కడ ఎడమకు తిరిగితే వాదీ జిజీ కొండలు. మొత్తం నాలుగున్నర గంటలు, పెట్రోలు ఐదు రియాళ్ల లోపే. మిలాన్ దారి పొడుగునా నా పులిహోర డబ్బా మీద జోకులు వేస్తూనే ఉన్నాడు. ఆమ్రా ఒక్కదానికీ నవ్వలేదు.

బురైమి బజారులో మలయాళీల హోటలు, భోజనం ఆరువందల బైసాలు. తమ్ముడు ముందే వచ్చి కూర్చున్నాడు. బావ చాచిన చెయ్యి అందుకోలేదు. మాటలన్నీ వాళ్ల భాషలోనే. ఆ గడ్డ మీదికి ఎవరు ముందొచ్చారు, ఏ రాజు ఎవరిని నరికాడు అంటూ ఆమ్రా మధ్యమధ్య నాకు చెబుతోంది. వడ్డించే మల్లయ్యది కరీంనగర్. నా చీరకట్టు చూసి తెలుగులోనే మెల్లగా అడిగాడు.

"పొలం పంచాయితీనా అమ్మా?"

తాతల గురించి అన్నాను. వాళ్లు ఏడున్నరు మరి అంటే, పోయి ఐదారు వందల ఏళ్లయిందన్నాను. అయితే ఇది తెగేది కాదన్నాడు. మనకా బాధ లేదు, తెలుగువాళ్లమంతా ఒకటేగా అన్నాను.

"గా మాట ఎప్పుడు మీరే అంటరమ్మా," అని నవ్వి, సాంబారు పోసి పోయాడు.

నన్ను సాక్షిగా పెట్టుకుందామనేమో, మిలాన్ ఇంగ్లీషులోకి మారాడు. బావమరిది భుజం మీద చెయ్యేసి ప్రేమగానే అన్నాడు: "మనకు తగువెందుకు? మీరూ సెర్బులే. మీ పూర్వీకులు టర్కీ సుల్తానుల కాలంలో మతం మారారు, అంతేగా. ఆమ్రాని నేనెప్పుడూ పరాయిదనుకోలేదు."

తమ్ముడు అక్క వైపు చూశాడు.

"ఇన్నేళ్లూ నువ్వు కాపురం చేసింది మతం మారిన సెర్బుతోనా?" అంది ఆమ్రా. "మా అమ్మ మీద గుండు వేసేవాడూ ఇదే చెబుతున్నాడు, మిలాన్."

"అది వేరు."

"ఎలా వేరో చెప్పు."

మిలాన్ బిల్లు కోసం మల్లయ్యను పిలిచాడు. ఆమ్రా తమ్ముడి కారెక్కి వెళ్లిపోయింది.

తిరుగుదారిలో చెక్‌పోస్టు పోలీసు మూడు పాస్‌పోర్టులు తిరగేసి, మూడో మనిషి ఏదని అడిగాడు. వెళ్లేటప్పుడు అన్నీ కలిపి చూపించి మిలాన్ కారు అరలోనే పెట్టేశాడు. మళ్లీ వెనక్కి, అల్ ఐన్ దాకా వెళ్లాం; ఆ రోజుల్లో బురైమి నుంచి అక్కడికి తనిఖీ ఉండేది కాదు. తమ్ముడు తలుపు సగం తీసి పాస్‌పోర్టు అందుకున్నాడు. దాని మీద ఇంకా పాత దేశం పేరే ఉంది. ఆమ్రా బయటికి రాలేదు.

మిలాన్ చెడ్డవాడు కాడు, నాకు ఈనాటికీ మింగుడుపడనిది అదే. తిట్టి ఉంటే ఏదో ఒకరోజు క్షమించమనేవాడు. కలుపుకున్నాననే అనుకున్నాడాయన, ఇక దేనికని అడుగుతాడు? ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఒమన్ చెక్‌పోస్టు బురైమి ఊళ్లో కాదు, ముందే కొండల్లో వస్తుంది. భార్యాభర్తలైనా సరే, ఎవరి పాస్‌పోర్టు వారి చేతిసంచిలోనే ఉంచుకోండి.