గుడ్ల అట్టల ఆట

గుడ్ల అట్టలు కంపు కొడతాయి. కాదని నేనెప్పుడూ అనలేదు. మధ్యాహ్న భోజనానికి వచ్చే గుడ్లలో ఏదో ఒకటి దారిలో పగులుతుంది, ఆ సొన అట్టకి అంటుకుని ఎండిపోతుంది. రెండు రోజులు ఎండలో పెట్టినా వాసన పూర్తిగా పోదు. కానీ మూడో తరగతికి లెక్కలు చెప్పడానికి అంతకన్నా మంచి వస్తువు నా ఉద్యోగం మొత్తంలో నాకు దొరకలేదు. ఆ అట్టల్ని చెత్తలో వేయించింది కూడా నేనే. అది గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే రోత పుడుతుంది. రాసేస్తే తగ్గుతుందన్న ఆశ కూడా లేదు.

మా బడి గాజువాక దాటాక ఆటోనగర్‌కి ఆనుకుని ఉంటుంది. పొద్దున్నే కిటికీ గట్టు మీద వేలితో పేరు రాసుకోవచ్చు, అంత దుమ్ము. పిల్లల తండ్రులు చాలామంది లేత్ షాపుల్లో, వెల్డింగ్ షాపుల్లో పనిచేస్తారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు పల్లెల్లో సేద్యం వదులుకుని వచ్చినవాళ్ళు.

ఆ ఏడాది మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పుట్టుకతోనే చూపు చాలా తక్కువ. వెలుతురూ నీడా తెలుస్తాయి, ఎదురుగా ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది, అంతే. రిజిస్టరులో ఆ పిల్ల పేరు పక్కన ఒక గుర్తు. ఆ గుర్తున్న పిల్లల్ని అందరితో కలిపి నేర్పాలని ప్రతి ట్రైనింగులోనూ చెప్పేవారు, మేం టీ తాగుతూ తలూపేవాళ్ళం. కలపడమంటే మా బడిలో మొదటి బెంచీ మీద కూర్చోబెట్టడం. నేను ఇంకో మెట్టు పైకెక్కాను. లెక్కల పీరియడ్‌లో ‘నువ్వు చప్పట్లు కొట్టమ్మా’ అనేదాన్ని. సరైన జవాబు ఎవరు చెప్పినా ఆ పిల్ల చప్పట్లు కొట్టాలి. సగం సంవత్సరం కొట్టింది. చాలా బాగా కలిపేశానని నేను మురిసిపోయాను కూడా.

ఒకరోజు వంటామె ఖాళీ గుడ్ల అట్టల్ని వరండాలో ఆరబెట్టింది. భోజనాలయ్యాక చూస్తే ఈ పిల్ల ఒక అట్ట ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుని, గుంటల్లో చింతపిక్కలు ఒక్కొక్కటీ వేస్తోంది.

“ఏటే, ఏటి సేత్తన్నావ్?” అంది వంటామె.

“వామనగుంటలు ఆడతన్నాను. మా నానమ్మ నేర్పింది.”

నేను స్తంభం పక్కన నిలబడిపోయాను. ఆ పిల్ల ఒక గుంటలో వేలు పెట్టి ‘ఐదు’ అంది. పక్క గుంటలో పెట్టి ‘రెండు’ అంది. ఒకటీ రెండూ అని లెక్కపెట్టలేదు. వేలు తగలగానే చెప్పేసింది. చప్పట్లు కొట్టమని కూర్చోబెట్టిన పిల్ల అది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే కత్తెర పట్టుకుని కూర్చున్నాను. ఒక్కో అట్టనీ రెండు వరసలుగా, వరసకి ఆరు గుంటలు వచ్చేలా కత్తిరించాను. అసలు ఆటకి ఏడేసి గుంటలుండాలి, పిల్లలెవరూ ఆ ఒక్క గుంట కోసం గొడవపెట్టలేదు. ఆ పిల్ల తండ్రి లేత్ షాపు నుంచి ఒక డబ్బా నిండా పనికిరాని వాషర్లు, నట్ల కింద వేసే ఇనప బిళ్ళలు, తెచ్చాడు.

“పిక్కలు ఎగిరిపోతన్నాయంట టీచర్‌గోరూ. ఇయ్యైతే సప్పుడు సేత్తాయి” అన్నాడు.

నిజమే. ఖాళీ గుంటలో పడిన వాషరు మొద్దుగా శబ్దం చేస్తుంది, ఇంకో వాషరు మీద పడితే టింగుమంటుంది. ఒక గుంటలోవన్నీ తీసి పక్క గుంటల్లో ఒక్కొక్కటీ వేసుకుంటూ పోవాలి. ఆగిన చోట పక్క గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవన్నీ మనవి. గుంటకి నాలుగు చొప్పున మొత్తం నలభై ఎనిమిది వాషర్లు. ఆ పిల్ల వరసగా అందర్నీ ఓడించింది. చివరికి ఒకడు లేచి, “అది కళ్ళతో ఆడదు కదా టీచర్, అందుకే గెలుత్తంది. మేమూ కళ్ళు మూసుకుని ఆడతాం” అన్నాడు. అలా క్లాసంతా కళ్ళు మూసుకుని ఆడటం మొదలుపెట్టింది. అంత మంది పిల్లలు అంత నిశ్శబ్దంగా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఊరికే గెలిచావంటే ఆ పిల్ల ఒప్పుకునేది కాదు. ఎన్నికి గెలిచిందో తేలాలి. తన దగ్గర ఇరవై ఎనిమిది, అవతలివాడి దగ్గర ఇరవై, అంటే ‘నాను ఎనిమిదికి గెలిసేను’. తీసివేతలు నేను చెప్పలేదు, ఆ ‘ఎన్నికి’ అన్న ఒక్క మాట చెప్పింది. ఆ తర్వాత ఎవరూ ఆ పిల్లని చప్పట్లు కొట్టమనలేదు.

ఇంతలో పైనుంచి లెక్కల ఆటల కిట్లు వచ్చాయి. మెరిసే పెట్టెలు, పెట్టె మీద నవ్వుతున్న పిల్లల బొమ్మలు. లోపల పాములూ నిచ్చెనల ఆటలాంటి ఒక పటం, నున్నటి కాగితం మీద అచ్చువేసింది. పాచికల మీద చుక్కలు కూడా చెక్కినవి కావు, రంగుతో అద్దినవి. వేలితో తడిమితే ఏమీ తెలియదు. పెట్టె మీద మాత్రం ‘అందరి కోసం’ అని ఉంది. ఆ కిట్లతో పిల్లలు ఎలా ఆడుతున్నారో చూడ్డానికి పెద్దలు వస్తున్నారని కబురొచ్చింది.

మా హెడ్మాస్టరు గోదావరి మనిషి, మర్యాదస్తుడు. ఎంత చెత్త మాటైనా అండి చేర్చి చెబుతాడు.

“ఆ గుడ్ల అట్టలు ముందు తీయించేయండి మేడమ్. వాళ్ళొచ్చేసరికి కంపు ఉండకూడదండి.”

“మరి ఆ పాప? ఈ పటం తనకి కనబడదు కదండీ.”

“ఆ పాపని ముందు వరసలో పెట్టండి. వాళ్ళు చూసేది అసలు ఆ పాపనేనండి.”

నాకు ఒళ్ళు మండింది. మండి ఏం చేశాను? సరేనన్నాను. నాలుగు రోజులు రిహార్సల్ చేయించాను. పాచిక ఏది పడితే అది చెబితే కూడికలు తప్పుతారట, అందుకని ఎవరెవరు ఏ అంకె చెప్పాలో ముందే పంచేశాం. ఒకడికి నాలుగు, ఒకడికి మూడు. ఆ పిల్లకి ఆరు. పటం మీద ఆ పిల్ల కాయని పక్కపిల్ల జరపాలి.

“పడకముందే ఆరని ఎలాగ తెలుస్తాది టీచర్?” అని అడిగింది.

“చెప్పింది చెయ్యి” అన్నాను. ఇన్నేళ్ళలో ఒక పిల్ల నన్ను అడిగిన అన్నిటికన్నా మంచి లెక్కల ప్రశ్నకి నేనిచ్చిన జవాబు అది.

అట్టల కట్ట కిటికీ గట్టు మీద ఉండేది. వంటామెని పిలిచి తీసుకెళ్ళమన్నాను.

“ఇయి పిల్లలు ఆడుకుంటన్నారు కదమ్మా” అంది.

“పారెయ్” అన్నాను. సాయంత్రం చెత్తబండి వచ్చి పట్టుకుపోయింది.

పెద్దలు మూడు కార్లలో వచ్చారు. లారీల పొగ, బొగ్గు దుమ్ము అన్నీ దాటుకుని వచ్చిన ఒకాయన మా క్లాసు గుమ్మం దగ్గర ఆగి జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికి అట్టలు లేవు. ఫినాయిల్‌తో కడిగించిన గది అది. ఇంక మిగిలింది పిల్లలే. ఆ రుమాలు తలచుకుంటే నాకు ఇప్పటికీ డోకొస్తుంది. అప్పుడు మాత్రం రెండు చేతులూ జోడించి ‘రండి సార్’ అన్నాను.

ఆట మొదలైంది. నాలుగు, మూడు, కూడితే ఏడు. అందరూ చప్పట్లు. ఆ పిల్ల వంతు వచ్చింది. పాచిక విసిరింది. అది పటం దాటి దొర్లుకుంటూ రుమాలు ఆయన బూటు వైపు పోతోంది. ఇంకా ఆగనేలేదు, ఆ పిల్ల గట్టిగా “ఆరు” అంది. బూటు పక్కన ఆగిన పాచిక మీద ఒక్కటే చుక్క. నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు, అందరి ముందూ ఫోన్లున్నాయి. పక్కపిల్ల కాయని ఆరు గళ్ళు జరిపి నిచ్చెన ఎక్కించింది. అందరూ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఒకావిడ వంగి, ఆ పిల్ల గడ్డం పట్టుకుని ముఖం ఫోన్ వైపు తిప్పి, “ఇటు చూడమ్మా, ఇటు చూడు” అంది. ఛీ. ఆ చెయ్యి తీసెయ్యమని ఒక్క మాట అనలేకపోయాను. పక్కనే నిలబడి ఫొటోలో నేనూ నవ్వాను.

కార్లు వెళ్ళిపోయాయి. హెడ్మాస్టరు పాచికలన్నీ ఉన్నాయో లేదో చూసుకుని పెట్టెల్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. బడి గంట కొట్టారు. పిల్లలు బిస్కెట్ పొట్లాలు చింపుకుంటూ పరుగెత్తారు. ఆ పిల్ల మాత్రం కదలలేదు. పొట్లం ఒళ్ళో అలాగే ఉంది.

“టీచర్, నాను గెలిసేనా?”

“గెలిచావమ్మా. అందరూ చప్పట్లు కొట్టారు, వినలేదూ?”

“ఎన్నికి?”

ఏదో ఒక అంకె చెప్పేస్తే సరిపోయేది. నాలుగు రోజులుగా చేస్తున్నది అదే కదా. ఈసారి మాత్రం తెలీదని చెప్పాను.

“మరైతే నాను ఆడలేదు టీచర్” అంది. కోపంగా అనలేదు, లెక్క సరిచేసినట్టు అంది. “ఉండండి, అట్ట తెత్తాను. మీరూ నానూ ఆడదాం.”

లేచి, గోడ పట్టుకుని, రోజూ నడిచే దారే కాబట్టి ఎక్కడా తడుముకోకుండా కిటికీ దగ్గరికి నడిచింది. అట్టలు లేవని చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది. ఆ చెయ్యి ఖాళీ గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా వెతికేంతవరకూ నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను.