సంతకం పెట్టాను, నంబరు రాయలేదు

హాజరు తక్కువైనవాళ్ల నంబర్లు నోటీసు బోర్డు మీద అతికించారు. ఎవరివో చూద్దామని ఆగాను. చివరి నుంచి రెండోది నాది. నా క్లాసు అమ్మాయి ఒకతె నా మొహం చూడకుండా పక్కకి జరిగి దారిచ్చింది. అప్పుడు భయం వేసింది.

విజయనగరంలో డిగ్రీ రెండో ఏడు. కాలేజీ సేవా సంఘానికి నేను కార్యదర్శిని. మొక్కలు నాటాలన్నా, సర్వే చెయ్యాలన్నా క్లాసులోంచి నన్నే పిలిచేవారు. నాకది ఇష్టంగా ఉండేది. అంతకుముందు నెలలో పొందూరు దగ్గర ఒక ఊళ్లో పది రోజుల శిబిరం పెట్టాం. వీధి ఊడుస్తుంటే, అరుగు మీద నూలు వడుకుతున్న ముసలమ్మ అడిగింది: "సదువుకి పంపినారా, ఊడవడానికి పంపినారా మీయమ్మోలు?" అందరం నవ్వాం.

హాల్ టికెట్ రాకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే నాన్న చదువు మాన్పిస్తాడు. ఆ మాట కోపం లేకుండా, వరికోతల మధ్య ముందే చెప్పి ఉన్నాడు.

ఆఫీసుకి వెళ్లాను. శిబిరానికి వెళ్లినవాళ్ల జాబితా ఇస్తే ఆ రోజులకి హాజరు వేస్తారు. ఆ జాబితా రాసింది నేనే. గుమస్తా తీసి చూపించాడు. నలభై నంబర్లున్నాయి, నాది లేదు.

"కింద కార్యదర్శిగా నా సంతకం ఉంది కదండీ."

"సంతకానికి హాజరు పడదమ్మా. నంబరుండాలి."

సంతకం పెట్టాను కాబట్టి నేనూ లెక్కలో ఉన్నట్టే అనుకున్నాను.

నా పక్కన కూర్చునే నేస్తం సంఘంలో లేదు. సంగతి విని, "ఒసే, ఊరందరికీ రాసినావు, నీది మరిసిపోనావేటే? రేపు నీ పెళ్లికార్డులోనైనా నీ పేరేసుకో," అని తన నోట్సు నా ముందుకి తోసింది.

సంఘం చూసే మేడం ఉత్తరం రాసిచ్చారు. హాజరు పడింది. ఆ పది రోజుల పాఠాలు మాత్రం ఏ ఉత్తరంతోనూ రావు. నేస్తం నోట్సు ఎత్తి రాసుకుని కెమిస్ట్రీ గట్టెక్కాను, అంతే. సంఘం మానలేదు. ఏ పనైనా ఒప్పుకునేముందు టైంటేబుల్ చూసుకోవడం అలవాటైంది.

ఇది రాయడానికి కారణం మా పెద్దమ్మాయి. ఒకటో తరగతిలో లీడరు. నిన్న అందరి హోంవర్కు పుస్తకాలూ పోగుచేసి టీచరుకిచ్చింది, తనది సంచిలోనే ఉండిపోయింది. హోంవర్కు చెయ్యలేదని టీచరు డైరీలో రాశారు. అది పెద్ద విషయం కాదని తెలుసు. అయినా నిద్ర పట్టక రాత్రి ఇంతవరకూ రాశాను.

ఇవాళ పొద్దున్న జడ వేస్తూ దానికీ, పాలు తాగుతున్న దాని చెల్లికీ చెప్పాను: "ముందు నీ పుస్తకం బల్ల మీద పెట్టు. దాని మీద అందరివీ పెట్టించు."