ఏ కుప్పలోనూ చేరని జలగ

నా చిన్నప్పుడు, వానలు వెనకబట్టి శామీర్‌పేట చెరువు తగ్గుతుంటే, ఒడ్డున లేచిన లేత గడ్డి మీదికి మా గొర్రెలను తోలేవారు. ఒక ఏడు వాటి దవడల కింద నీటి తిత్తులు వేలాడాయి. ఒకదాని వెనక ఒకటి చచ్చిపోసాగాయి. ఊళ్లో బాణామతి, చేతబడి అన్నారు. ఎవరు చేశారో చెప్పింది మాత్రం నేను.

"పక్కింటి పెద్దమ్మ నల్లగొర్రెను నిమిరింది. తెల్లారి సచ్చింది" అన్నాను మా నాయినతో. నిమరడం చూశాను, చావడం చూశాను. ఆ రెంటినీ ముడివేసింది నేనే. పెద్దమ్మ ఒంటరి మనిషి, గడ్డి కోసి అమ్ముకునేది. నన్ను చూస్తే కొంగులోంచి జామకాయ తీసిచ్చేది. ఇక మంత్రం పలకకుండా ఆదివారం ఆమె పళ్లు ఊడగొట్టాలని మగవాళ్లు అనుకున్నారు. గురువారమే పటకారు తెచ్చి మా అరుగు మీద పెట్టారు.

నేను ఎన్నడూ బడికి పోలేదు. అమ్మే రోజూ దేవుడి గూటి ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. ఆ రెండు రోజులు తలెత్తి ఆ గూటి వైపు చూడలేకపోయాను.

శనివారం మేడ్చల్ నుంచి గొడ్ల డాక్టరు సైకిల్ మీద వచ్చాడు. పొద్దున చచ్చిన గొర్రెను మా వాకిట్లో కోయించి, కార్జాన్ని, అదే కాలేయాన్ని, చీల్చి నొక్కాడు. ఆకుల్లాంటి జలగలు జారిపడ్డాయి. కొన్ని ఇంకా కదులుతున్నాయి.

"గివి నత్తలల్ల పెరిగి గడ్డికి అంటుకుంటయి. గా గడ్డి మేస్తె కార్జంలకు వోతయి" అన్నాడు.

"నత్తలు గొర్రెలను సంపుతయా? పరాష్కమాడుతున్నవా సారూ?" అని మా నాయిన గయ్యిమన్నాడు.

డాక్టరు నన్ను పిలిచి రెండు పళ్లేలు ముందు పెట్టాడు. ఆ జలగలు రెండు జాతులట. పొట్టిగా, భుజాలున్నట్టు ఉన్నవి ఒకదాంట్లో, పొడుగ్గా సాగినవి ఇంకోదాంట్లో వేయమన్నాడు. పుల్లతో ఏరి వేశాను. చివర ఒక్కటి మిగిలింది. అటూ కాదు, ఇటూ కాదు. పొడుగువాటిలో వేయబోతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"రెండు జాతులు గల్సి పుట్టిందో ఏమో, నాకూ తెల్వది. తెల్వనిదాన్ని తెల్సినట్టు కుప్పల వెయ్యొద్దు బిడ్డా."

దాన్ని చిన్న సీసాలో వేసి, కాగితం అంటించి ఒక మాట రాశాడు. కూడబలుక్కుని చదివాను. 'తెలియదు.' అంత చదివిన మనిషి, అందరి ముందూ.

పుల్ల కింద పడేసి మా నాయిన వైపు తిరిగాను. "నాయినా, పెద్దమ్మ నిమిరింది సూసిన. గొర్రె ఎందుకు సచ్చిందో నాకు తెల్వది" అన్నాను. మా నాయిన నా చెంప పగలగొట్టాడు. తర్వాత, ఎవరి ముఖమూ చూడకుండా, పటకారు తీసుకుపోయి లోపల పడేశాడు.

ఆదివారం పెద్దమ్మ తలుపు ఎవరూ తట్టలేదు. కానీ ఆ తర్వాత నేను ఎదురుపడితే ఆమె చేతులు రెండూ కొంగు కింద దాచుకునేది. ఎన్నాళ్లకూ ఆ అలవాటు పోలేదు.

ఆ డాక్టరు పేరు కూడా నాకు తెలియదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయనకొక దండం పెట్టుకుంటాను.

మొన్న మా కాలనీ వాళ్ల ఫోన్లలో ఒక ముసలామె ఫోటో తిరిగింది, పిల్లలను ఎత్తుకుపోతుందని. ఆమెను పట్టుకోవాలని మా గేటు బయట పదిమంది మూగారు. "అత్తమ్మా, నువ్వు సూసినవ్ గదా ఆమెను?" అని కోడలు అడిగింది. అందరూ నా వైపు తిరిగారు.

"సూసిన. గేటు కాడ నీళ్లడిగింది, ఇచ్చిన. గంతే తెల్సు" అన్నాను.