నా బారకు కొలిచిన మంటపం

ఆ రోజుల్లో సౌదీ అరేబియాలో ఇద్దరు తెలుగువాళ్లు తారసపడితే ముందుగా ఊరి పేరు అడిగేవారు కాదు, కంపెనీ రంగు అడిగేవారు. నితాకాత్ అనే కొత్త లెక్క వచ్చింది. తగినంతమంది స్వదేశీయులకు ఉద్యోగమిచ్చిన కంపెనీ పచ్చరంగులో ఉండేది, ఇవ్వనిది ఎర్రరంగులోకి జారేది. ఎర్రరంగు కంపెనీలో ఉన్నవాడికి ఇకామా, అంటే అక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే కార్డు, గడువు తీరాక మళ్లీ రాదు. దానికి తోడు పరాయిదేశపు ఉద్యోగి ఒక్కొక్కరి తలకూ లెవీ అనే పన్ను. మా కంపెనీ రియాద్‌లోని మలాజ్‌లో ఒక చిన్న నిర్మాణ సంస్థ, నేనందులో ఇంజినీరుని. అది ఏ రంగులో ఉన్నదో తెలియక నేను ప్రతి ఉదయం గుమాస్తా ముఖం చూసి ఊహించేవాణ్ణి. మా వంశంలో మొట్టమొదటి పట్టభద్రుణ్ణి నేను. ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక పుస్తకంలో సమాధానం ఉండి తీరుతుందనీ, ఆ పుట దొరకకపోవడమే అజ్ఞానమనీ దృఢంగా నమ్మిన వయసు అది. ఆ నమ్మకాన్ని సడలించిన ఘనత బాలీ ద్వీపవాసుల గృహనిర్మాణ శాస్త్రానికి దక్కుతుంది.

మా కఫీల్, అంటే మా వీసాలకు పూచీపడిన యజమాని, ఆ ఏడాది సెలవులకు తన తల్లిని బాలీ తీసుకువెళ్లాడు. అక్కడ నాలుగువైపులా తెరిచి ఉన్న ఒక చెక్క మంటపంలో ఆ పెద్దావిడ మధ్యాహ్నం పడుకున్నదట. భర్త పోయాక అంత హాయిగా నిద్రపట్టడం అదే మొదలట. తిరిగి వచ్చాక హాయిల్‌లోని తమ ఖర్జూరపు తోటలో అటువంటిదే కావాలని పట్టుబట్టింది. కఫీల్ నన్ను పిలిపించాడు. ‘నువ్వు హిందువువి. బాలీవాళ్లు హిందువులు. నీకు తెలిసే ఉంటుంది’ అన్నాడు. మా ఊరి హనుమంతుడి గుడికీ బాలీకీ నడుమ ఒక మహాసముద్రం ఉన్నదని వినయంగా మనవి చేయబోయాను. ఆయన నా ఇకామా నకలు తీసి, గడువు తేదీ మీద వేలు పెట్టి, ‘ముందు మంటపం కట్టు. దీని సంగతి తర్వాత మాట్లాడదాం’ అన్నాడు. నాకు వెంటనే బాలీ విషయంలో గట్టి ఆసక్తి కలిగింది.

ఇదే తర్కంతో ఆయన తన ఇండోనేషియా డ్రైవర్‌ని కూడా నాకు సహాయకుడిగా ఇచ్చాడు. కారెక్కగానే డ్రైవర్ భాయి తనకు వచ్చిన ఉర్దూలో నెమ్మదిగా చెప్పాడు: ‘సాబ్, మాది జావా. నేను ముసల్మాన్ని. బాలీని నేనూ క్యాలెండర్లోనే చూశాను.’ ఆ విధంగా పాస్‌పోర్టుల బలంతో నిపుణులమైన ఇద్దరం పనికి బయలుదేరాం.

నేను చదవడం మొదలుపెట్టాను. మలాజ్ గదిలో మంచం మీద కూర్చుని, దొరికిన ప్రతి వ్యాసాన్నీ అచ్చువేసుకుని, ముఖ్యమైన వాక్యాల కింద స్కేలుతో గీతలు గీశాను. (స్కేలు లేకుండా గీసిన గీతను నేను అప్పట్లో గీతగా గుర్తించేవాణ్ణి కాను.) బాలీవాళ్లకు ఇల్లు ఒక మనిషి. దానికి తల, మొండెం, కాళ్లు ఉంటాయి. పవిత్రమైన కొండ వైపు తల ఉండాలి, అక్కడ కులదేవతల గుడి. సముద్రం వైపు కాళ్లు ఉండాలి. ముంగిలి నాభి. స్తంభం నిలిపేటప్పుడు చెట్టు మొదలు కిందికీ కొస పైకీ ఉండాలి, లేకపోతే చెట్టును తలకిందులుగా వేలాడదీసిన పాపం. నేనొక నివేదిక రాసి, నక్షా గీసి సమర్పించాను. కఫీల్ గుడి ఉన్న మూల మీద వేలు పెట్టి, ‘ఇది మాత్రం వద్దు’ అన్నాడు. అర్థమైందని చెప్పి అక్కడ ‘ఖాళీ స్థలం’ అని రాసుకున్నాను. దేహం అన్నాక తలను ఖాళీగా వదిలితే శాస్త్రం ఏమంటుందో ఏ వ్యాసంలోనూ లేదు.

హాయిల్‌లో పునాది పనికి మేస్త్రి మామ వచ్చాడు. మాకు చుట్టరికం లేదు, జగిత్యాల దగ్గర పక్కపక్క ఊళ్లు, అంతే. కానీ ఆయన నన్ను అల్లుడా అనేవాడు, నేను మామా అనేవాణ్ణి. నా నివేదికను తెలుగులో ఆయనకు వివరించాను. ఆయన తలపాగా విప్పి చెమట తుడుచుకుని, దిక్కులన్నీ ఒకసారి చూశాడు. తోటకు పడమట పెద్ద కొండ ఉన్నది.

‘ఏంది అల్లుడా, తల గుట్ట దిక్కు, కాళ్లు సముద్రం దిక్కు అంటివి. గుట్ట పడమటికున్నది. సముద్రం గూడ గా గుట్ట అవుతల్నే ఉన్నదని డ్రైవర్ అంటుండు. ఇప్పుడు ఇల్లు కాళ్లు సాపుకొని పండాల్నా, ముడుసుక కూసోవాల్నా?’

నేను పటం తెరిచాను. ఎర్ర సముద్రం నిజంగానే ఆ కొండకు అవతల, పడమటనే ఉన్నది. తూర్పున మరో సముద్రం ఉన్నదని వాదించాను. అది చాలా దూరం కదా అని డ్రైవర్ భాయి సందేహపడ్డాడు. మన వాస్తు ప్రకారం ఈశాన్యమే శుభమని మామ పట్టుపట్టాడు. ఈ ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యం ఖిబ్లా, అంటే నమాజు చేసే మక్కా దిక్కు అనీ, అది నైరుతి వైపు వస్తుందనీ డ్రైవర్ భాయి గుర్తుచేశాడు. ముగ్గురం మూడు దిక్కులకు చేతులు చాచి నిలబడి ఉండగా కఫీల్ వచ్చి, తన తల్లికి కొండ కనిపిస్తే చాలునన్నాడు. తల కొండ వైపు పెట్టి పడుకున్న మనిషికి కొండ ఎలా కనిపిస్తుందని నేను అడగలేదు. కూర్చున్నప్పుడు కనిపిస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను.

ముంగిలి ప్రవేశద్వారం వెనుక అడ్డుగోడ ఒకటి కట్టాలన్నప్పుడు మాత్రం అందరూ ఒక్కమాట మీద ఉన్నారు. బాలీలో అది దుష్టశక్తులకు అడ్డు, ఎందుకంటే అవి నేరుగా తప్ప పక్కకు తిరగలేవట. తమ ఇళ్లలోనూ ఇటువంటి గోడ ఉంటుంది, అది బయటివాళ్ల చూపులకు అడ్డు అని కఫీల్ సంతోషించాడు. మామ ఇటుక అందుకుంటూ, ‘చెక్‌పోస్టు జూస్తె సందులకు మర్లేటోల్లం మనం. మనకన్న దయ్యాలే నయం, సక్కగ పోతయట’ అన్నాడు.

చిక్కంతా బాలీ వడ్రంగితో ఫోనులో మాట్లాడినప్పుడు వచ్చింది. మంటపాన్ని అక్కడే చెక్కి, విడిభాగాలుగా ఓడలో పంపాలి. నేను మీటర్లలో గీసిన నక్షా అందిందన్నాడు. చాలా చక్కగా ఉన్నదన్నాడు. ఇంతకీ ఇల్లు ఎవరిదని అడిగాడు. అక్కడ ఇంటి కొలతలు ఇంటి యజమాని ఒంటి నుంచి తీస్తారట. రెండు చేతులు చాస్తే ఒక బార, మోచేతి నుంచి మూర, బొటనవేలు నిలబెట్టిన పిడికిలి. ఆ కొలతలు రాకపోతే కొయ్య మీద ఉలి పెట్టనన్నాడు. ప్రతి కొలతకూ పైన ఒక వేలి మందం కలపాలనీ, అది ప్రాణం కోసమనీ డ్రైవర్ భాయి అనువదించాడు. ఇంజినీరుగా నాకు సహజంగానే ఒక సందేహం కలిగింది. ఆ వేలి మందం అటూ ఇటూ ఎంత మేరకు మారవచ్చునని అడగమన్నాను. ‘తగ్గించడం ఉండదట సాబ్. ప్రాణం కదా, కలపడమేనట’ అన్నాడు డ్రైవర్ భాయి.

మంటపం కఫీల్ తల్లిది. కనుక నేను ఒక మధ్యాహ్నం ఆయన ఎదుట నిలబడి, ఎంతో గౌరవపూర్వకమైన ఇంగ్లీషులో, తమ మాతృమూర్తి గారి బాహువుల నిడివి నాకు అవసరమై ఉన్నదని విన్నవించాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నా ఇకామా, నా పట్టా, మా నాన్న ఊరంతా చెప్పుకున్న గొప్పలు, అన్నీ ఆ చూపులో ఒక్కసారిగా ఊగాయి. అయితే ఆయన కోపగించలేదు. మర్నాడు తోటలో ఖర్జూరపు నీడన కూర్చున్న తల్లికి ఆ సంగతి చెప్పాడు. నల్లటి ముసుగులో ఆవిడ భుజాలు కదలడం దూరం నుంచి కనిపించింది. నవ్వుతున్నదని కొంతసేపటికి గానీ నాకు తెలియలేదు. నన్ను దగ్గరికి రమ్మన్నది. డ్రైవర్ భాయి నడుమ నిలబడి మాటలు అందించాడు.

‘అక్కడ ఎవరి కొలత తీస్తారు?’ అని ఆవిడ అడిగింది.

‘ఆ చోటు ఎవరిదైతే వారి కొలత, అమ్మా.’

‘మా ఇళ్లలో కూర్చునే చోటు అతిథిది. అతిథినే కొలవండి.’

ఏ అతిథినని కొడుకు అడిగాడు. ఆవిడ చేతికర్ర ఎత్తి నావైపు చూపించింది. నేను అతిథిని కాననీ, జీతం తీసుకుంటున్న ఉద్యోగిననీ సవినయంగా సవరించాను. తోటలోకి వచ్చినవాడు ముందు అతిథి, తర్వాత ఏమైనా కావచ్చు అని ఆవిడ తేల్చేసి, నాకు ఇంకా కాఫీ ఎందుకు ఇవ్వలేదని కొడుకును నిలదీసింది.

అలా నేను ఎండలో కొండకు ఎదురుగా చేతులు చాచి నిలబడ్డాను. మామ తాడు పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి కొలిచాడు. ‘ఊపిరి బిగవట్టకు అల్లుడా, ఇల్లు ఉబ్బుతది’ అన్నాడు. బాలీ శాస్త్రం ప్రకారం నేను యజమానిని. హాయిల్ మర్యాద ప్రకారం అతిథిని. కార్మిక శాఖ కంప్యూటర్‌లో గడువు దగ్గరపడిన ఒక అంకెను. ఈ మూడింటిలో చేతులు చాచి నిలబడ్డది ఎవరో నాకు స్పష్టం కాలేదు. కానీ ఒక వెచ్చని ఆశ మాత్రం కలిగింది. ఆ ఆశను మామ పైకి అనేశాడు: ‘ఇల్లే నీ ఒంటికి కొల్సినంక ఇకామా యాడికి పోతది? వచ్చినట్టే అనుకో.’

ఓడ వచ్చింది. పెట్టెలు విప్పి స్తంభాలు పరిచాక, ఏది మొదలో ఏది కొసో తెలియక నేను రెండు కొసలనూ వాసన చూశాను. (చివరికి మొదలు వైపు చిన్న గుర్తు ఉన్నదని డ్రైవర్ భాయి ఫోనులో తెలుసుకున్నాడు.) మంటపం నిలిచింది. గడ్డి కప్పు కింద, తేనెరంగు కొయ్య అరుగుతో, నిజంగానే అందంగా ఉన్నది. పెద్దావిడ కర్ర తాటించుకుంటూ వచ్చి అరుగు ముందు ఆగింది. అప్పుడు అర్థమైంది. నేను తాడిచెట్టంత మనిషిని. ఆవిడ నా మోచేతి దగ్గరికి వస్తుంది. నా ఒంటికి తీసిన ఎత్తును మోకాళ్ల నొప్పులున్న ముసలి మనిషి ఎక్కలేదు. కఫీల్ ముఖం చూసి, నేను మనసులో పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

మామ వెళ్లి రెండు సిమెంటు దిమ్మెలు తెచ్చి మెట్టు చేశాడు. కొడుకు చేయి పట్టుకుని ఆవిడ ఎక్కి, అంచున కూర్చున్నది. పాదాలు నేలకు అందలేదు. గాలిలో వేలాడాయి. ఆవిడ వాటిని కాసేపు చూసి, మెల్లగా ఊపడం మొదలుపెట్టింది. పెళ్లయ్యాక కాళ్లు ఇలా ఊపడం ఇదే మొదలని కొడుకుతో అన్నదట. తర్వాత కొండ వైపు తల పెట్టి ఒరిగింది. కొద్దిసేపటికే చిన్నగా గురక వినిపించింది.

కఫీల్ పెదవి మీద వేలు పెట్టుకుని, నన్ను అడ్డుగోడ వెనక్కి తీసుకువెళ్లాడు. నేను ఇకామా మాట కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన గుసగుసగా చెప్పాడు: కంపెనీ ఎర్రరంగులో పడింది, కంప్యూటర్ నా పేరు తీసుకోవడం లేదు, ఖురూజ్ కొట్టించక తప్పదు. ఖురూజ్ అంటే తిరిగి రాని ప్రయాణం. నేను గట్టిగా అడగవలసినవి ఎన్నో ఉన్నాయి. కానీ అవతల పెద్దావిడ నిద్రపోతున్నది. కనుక నా జీవితంలో అతి ముఖ్యమైన ఆ వాదనను నేను గుసగుసలోనే వినిపించాను.

‘నా పనిలో లోపం ఉన్నదా సార్?’

‘ఏ లోపమూ లేదు. చూడు, ఎలా నిద్రపోతోందో’ అని ఆయన ఇంకా చిన్న గొంతుతో అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. తల్లి నిద్రకో నా ఖురూజ్‌కో నాకు తెలియలేదు. బహుశా ఆయనకూ తెలియదు.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఇతరుల ఇళ్లకు నక్షాలు గీస్తున్నాను, అన్నీ మీటర్లలోనే. మాది అద్దె ఇల్లు. నడుము చుట్టుకొలత బాగా మారింది, జుట్టు సంగతి చెప్పనక్కరలేదు, చాచిన చేతుల నిడివి మాత్రం అలాగే ఉన్నది. ఇందరికి ఇళ్లు గీస్తారు కదా, మీకు సొంత ఇల్లు లేదా అని అప్పుడప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. ఎండలో చేతులు చాచి, ఊపిరి బిగబట్టాలో విడవాలో తెలియక నిలబడిన ఆ సన్నని కుర్రవాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఉన్నదండీ, హాయిల్‌లో, అచ్చంగా నా ఒంటికి కొలిచి కట్టినది, వెళ్లడానికి వీసా లేదంతే, అంటాను.